సారపాముల సయ్యాట

మా ఊళ్ళో ఆ పాముకు రెండు పేర్లు. పుస్తకంలో జెర్రిపోతు, వీధిలో సారపాము. గుమ్మిడిపూండిలో పుట్టి పెరిగినవాళ్ళకు ఇది వింత కాదు. సరుగుడు తోపును మేం సవుకుతోపు అంటాం. అవతల ఆరంబాకం దాటి తడలో అడుగుపెడితే మళ్ళీ అది సరుగుడు తోపవుతుంది. నేను ముప్ఫై ఏళ్ళు తెలుగు పంతులుగా పనిచేశాను. పగలు పిల్లల చేత పలకమీద "జెర్రిపోతు" అని దిద్దించి, సాయంత్రం వాళ్ళకే పొలం గట్టున ఆ పాము ఎదురైతే "సారపామురా, ఏమీ చెయ్యదు, పోనీండి" అని చెప్పిన రోజులున్నాయి.

ఆ పాము గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. రాస్తే మా చిన్నమ్మ సంగతి కూడా రాయాల్సి వస్తుందని వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడు ఆమే రాయమంది.

1970 వేసవి సెలవులు. నాకు పదేళ్ళు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ పడుకుంటే నేను బావి దగ్గర ఈతకాయలు ఏరుకుంటున్నాను. గడ్డివామి పక్కన ఏదో బుసబుసమని చప్పుడు. చూస్తే రెండు సారపాములు. ఒక్కొక్కటి మనిషి పొడుగుంది. మోకు పేనినట్టు ఒకదాన్నొకటి చుట్టుకొని నా రొమ్మెత్తు దాకా లేస్తాయి. పైన తలలు రెండూ అటూ ఇటూ ఊగుతాయి, ధడేలున కింద పడతాయి, మళ్ళీ లేస్తాయి. నేను కేక పెట్టేలోపే మా అవ్వ వచ్చేసింది.

"సయ్యాటరా అబ్బాయ్! అరవబాక. లోపలికి పోయి నా పెట్టెలో కొత్త తువ్వాలుండాది, తీసుకురా" అంది గుసగుసగా.

మీలో చాలామందికి ఈ ఆచారం తెలిసే ఉంటుంది. పాములు పెనవేసుకున్నప్పుడు వాటి మీదో పక్కనో కొత్త గుడ్డ వేస్తే, అవి దానిమీద పొర్లితే, ఆ గుడ్డ ఇంట్లో ఉన్నంతకాలం సిరి, సంతానం తరగవని నమ్మకం. తమిళులకూ ఉంది, మనకూ ఉంది. అవ్వ తువ్వాలు విసిరింది. పాములు దాన్ని పట్టించుకోలేదు గానీ దొర్లుతూ దొర్లుతూ ఒక కొసమీదికి వచ్చాయి. అవ్వకు అది చాలు. చేతులు జోడించింది.

అప్పుడే మా పొలాల్లో ఎలుకలు పట్టే ఇరుళాయన గడ్డపార భుజాన వేసుకొని అటుగా వచ్చాడు. ఎలుక బొరియలు తవ్వి, వాటిలో దొరికిన వడ్లు తను తీసుకోవడం ఆయన కూలి. మాతో తెలుగులో, వాళ్ళవాళ్ళతో మరో యాసలో మాట్లాడేవాడు. ఒక నిమిషం నిలబడి చూసి నవ్వాడు.

"ఎందుకవ్వా దండం? రెండూ మొగవే. కొట్లాడుకుంటా ఉండాయి."

అవ్వకు కోపం వచ్చింది. "నోరు మూసుకోరా. సారపాము మొగది, నాగుపాము ఆడది. లోకానికంతా తెలిసిన సంగతి నువ్వొచ్చి చెప్పాల్నా?"

"నాగుపామైతే పడగ ఏదవ్వా మరి?" అన్నాడు ఆయన. అని, గొంతుకూర్చుని కంపచెట్టు కిందికి వేలు చూపించాడు. "ఆడది చూడాలంటే అదో, ఆడుండాది."

అవ్వ చూడలేదు. నేను వంగి చూశాను. కంపల నీడలో గోధుమరంగు ఒళ్ళొకటి కదలకుండా పడి ఉంది. ఇంతసేపూ దానికోసమే ఈ గొడవంతా జరుగుతోందని నాకు అప్పుడు తెలియదు.

పాములు పోయాక అవ్వ ఆ తువ్వాలును కర్రతో ఎత్తి, పసుపు కుంకుమ చల్లి, గుప్పెడు బియ్యం వేసి మడిచింది. శుక్రవారంనాడు తలంటు పోయించి చిన్నమ్మ ఒళ్ళో పెట్టింది. చిన్నమ్మ అంటే మా చిన్నాయన భార్య. పద్దెనిమిదో ఏట, 1965లో మా ఇంటికి వచ్చింది. అయిదేళ్ళయినా కడుపు పండలేదు.

ఆ తరువాత ఆరేళ్ళు ఆమె తిరగని గుడి లేదు. ఎవరో జోస్యుడు జాతకం చూసి సర్పదోషం అన్నాడు. వెనకటి జన్మలో పామును చంపిందట. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించారు. పెరియపాళెం భవానమ్మకు ఉయ్యాల కట్టించారు. రావిచెట్టూ వేపచెట్టూ కలిసి పెరిగిన చోట నాగప్రతిష్ఠ చేయించి నలభై ఎనిమిది రోజులు తడిబట్టలతో ప్రదక్షిణాలు చేయించారు. ఆ నాగశిల మీద కూడా రెండు పాములు పెనవేసుకునే ఉంటాయి, గమనించారా? నాగులచవితికి పుట్టలో పాలు పోయించారు. ఇన్ని చేసింది ఒక్క మనిషి. మా చిన్నాయన మాత్రం ఎప్పటిలాగే ఆకు వక్క వేసుకొని అరుగు మీద కూర్చునేవాడు. ఆయన చెడ్డవాడు కాడు. చిన్నమ్మను ఒక్కనాడు మాట అన్నవాడు కాడు. అనే పని అవ్వా, వీధీ చూసుకునేవి. పేరంటాలకు పిలిచేవాళ్ళు తగ్గారు. మా అక్క సీమంతంనాడు చిన్నమ్మ వంటింట్లోనే ఉండిపోయింది. ఎవరూ రావద్దనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

1976లో చిన్నాయనకు రెండో పెళ్ళి చేశారు. ఎళావూరు పక్క పల్లెటూరి పిల్ల. 1955 నాటి చట్టం ప్రకారం మొదటి భార్య ఉండగా ఆ పెళ్ళి చెల్లదు. మా వీధిలో ఆ చట్టం తెలిసినవాళ్ళు లేకపోలేదు, వాళ్ళు కూడా అక్షింతలు వేసి భోంచేసి వెళ్ళారు. కొత్త పెళ్ళికూతురు గడప దాటిన వారానికి అవ్వ చిన్నమ్మ పెట్టెలోంచి ఆ తువ్వాలు తీయించి ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది. తీసి ఇచ్చింది చిన్నమ్మే.

ఆ పిల్లకూ పిల్లలు పుట్టలేదు. అప్పటికీ ఎవరికీ ఏమీ తట్టలేదు. ఇద్దరికీ దోషమే అనుకున్నారు.

మద్రాసులో చదువుకునే రోజుల్లో, 1981 ప్రాంతంలో, ఒక ఆదివారం గిండీ పాముల పార్కుకు వెళ్ళాను. రొమ్యులస్ విటేకర్ పెట్టిన పార్కు అది, 1972 నుంచి గిండీలో ఉంది. గుంటలో దిగి పామును చేత్తో ఎత్తి చూపిస్తున్న ఆయన్ని నేను తమిళంలో అడిగాను, సారపాముకూ నాగుపాముకూ జత కుదురుతుందా అని. ఆ ప్రశ్న ఆయన రోజుకు నాలుగుసార్లయినా వింటాడు కాబోలు, విసుగు లేకుండా చెప్పాడు. రెండూ వేరు వేరు జాతులు, కలవవు. నాగుపాము దొరికితే సారపామును తింటుంది కూడా. సారపాముల్లో మగవీ ఉన్నాయి, ఆడవీ ఉన్నాయి. మనం సయ్యాట అనుకునేది రెండు మగపాముల కుస్తీ. కరుచుకోవు. ఒకదాని తల ఒకటి నేలకు అదిమే ప్రయత్నం, అంతే. ఓడింది జారుకుంటుంది. గెలిచింది ఆడదాని దగ్గరకు వెళుతుంది. అసలు జత కట్టడం ఇలా నిలువునా లేచి చేసే ఆర్భాటం కాదు. నేలమీద, చడీచప్పుడూ లేకుండా జరుగుతుంది. మగదాని తోక మొదలు లావుగా, పొడుగ్గా ఉంటుందని కూడా చూపించాడు.

ఇరుళాయన చెప్పింది అక్షరాలా అదే. ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ కాలంలో ఇరుళులు సారపాములను తోలు వ్యాపారానికి వేలకు వేలు పట్టేవారు. 1976లో పాము తోలు ఎగుమతి నిషేధించాక పొట్ట గడవక, 1978లో మహాబలిపురం దారిలోని వడనెమ్మేలిలో సహకార సంఘం పెట్టుకున్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర - ఈ నాలుగింటినీ పట్టి, కొన్ని వారాలు ఉంచుకొని, విషం తీసి, మళ్ళీ అడవిలో వదులుతారు. పాము కాటుకు మందు తయారయ్యేది ఆ విషంతోనే. ఆ సంఘంలోని ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది. పేపర్లో వాళ్ళ ఫోటో చూసినప్పుడు మా ఎలుకలు పట్టే ఆయన గుర్తుకొచ్చాడు. అవ్వ చేత తిట్లు తిని, గడ్డపార ఎత్తుకొని వెళ్ళిపోయిన మనిషి.

ఇక్కడ ఒక మాట పంతులు బుద్ధితో చెప్పుకోనివ్వండి. తెలుగులో ఈ పాముకు రెండు పేర్లున్నాయి, జెర్రిపోతు, జెర్రిగొడ్డు అని. పోతు అంటే మగది. గొడ్డు అంటే పశువు, నిజమే. కానీ పిల్లలు లేని ఆడదాన్ని మనం ఏమంటామో మీకు తెలుసు. ఏటా గుడ్లు పెట్టి పిల్లల్ని కనే పాముకు ఒక పేరు మగది, ఇంకో పేరు చెవికి గొడ్డుమోతు. పేర్లు పెట్టినవాళ్ళు కంపచెట్టు కిందికి వంగి చూడలేదేమో.

ఇక మా అక్క కొడుకు సంగతి. వాడు అమెరికాలో డల్లాస్‌లో ఉద్యోగం. అక్కడ కొన్ని రకాల పాములను ఇంట్లో పెంచుకోవచ్చు, పిల్లల్ని పెట్టించి అమ్ముకోవచ్చు. మన దేశంలో మన పాముల్ని అలా పెంచితే 1972 వన్యప్రాణి చట్టం కింద జైలు. బయటి దేశాల పాములకు కూడా ఇప్పుడు నమోదు తప్పనిసరి. అయినా దొంగతనంగా వస్తూనే ఉన్నాయి. 2023లో తిరుచ్చి విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడి పెట్టెలో 47 కొండచిలువ పిల్లలు దొరికాయి. మావాడు పెంచేవి బాల్ పైథాన్లు. పశ్చిమ ఆఫ్రికావి. విషం ఉండదు. భయపడితే బంతిలా చుట్టుకుంటాయి, అందుకే ఆ పేరు. మా అక్కకు ఇది తెలిసిన రోజు ఇంట్లో పెద్ద రగడ. "మీ చిన్నవ్వకు జరిగింది చాలదా, కోరి కోరి ఇంట్లో దోషం పెట్టుకుంటావా?" అని ఫోన్లో ఏడ్చింది. వాడు పెళ్ళాం చేత చెప్పించి ఎలాగో సముదాయించాడు.

2022లో ఒకసారి వీడియోలో వాటిని చూపించాడు. బట్టల బీరువాలో సొరుగుల్లా వరసగా ప్లాస్టిక్ డబ్బాలు. కింద వెచ్చదనానికి తీగ. ఒక పెద్ద ఆడపాము, దానికన్నా చిన్నవిగా మూడు మగపాములు.

"ఒక ఆడదానికి ముగ్గురా? అయితే ద్రౌపది అని పేరు పెట్టు" అన్నాను.

వాడు నవ్వి, మామూలుగా పెంపకందార్లు ఒక మగదాన్ని నాలుగైదు ఆడవాటికి వాడతారనీ, మగవి చవక, ఆడవి ఖరీదు అనీ, తను మాత్రం ఈ ఒక్కదానికోసం ముగ్గుర్ని పెట్టాననీ చెప్పాడు. ఒక్కోసారి రెండు మగవాటిని కాసేపు ఎదురెదురుగా పెడితే వాటికి పౌరుషం వచ్చి జత కడతాయట. మా గడ్డివామి పక్కన జరిగిందీ అదే గదా అనుకున్నాను.

అప్పటినుంచి దొరికిందల్లా చదివాను. కెనడాలోని నార్సిస్ అనే చోట చలికాలం గడిచి గార్టర్ పాములు వేల సంఖ్యలో బయటికి వస్తాయి. ఒక్క ఆడదాన్ని పదుల కొద్దీ మగవి చుట్టుకొని ముద్దలా దొర్లుతాయి. దక్షిణ అమెరికా అనకొండల్లో పది పన్నెండు మగవి ఒక ఆడదాన్ని చుట్టుకొని వారాల తరబడి నీళ్ళలో పడి ఉంటాయి. ఆడది వాటికన్నా ఎన్నో రెట్లు పెద్దది, ఆకలేస్తే వాటిలో ఒకదాన్ని మింగినా మింగుతుంది. ఆడపాము మగదాని బీజాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకోగలదు. అంచేత ఒకే కాన్పులోని పిల్లలకు ఇద్దరు ముగ్గురు తండ్రులు ఉండటం పాముల్లో సాధారణమే. స్వీడన్‌లో ఒకరకం పింజరల మీద చేసిన పరిశోధన 1992లో అచ్చయింది. ఎక్కువ మగవాటితో కలిసిన ఆడపాముకు చచ్చిపుట్టే పిల్లలు తక్కువట. బలమైన బీజం ఏదో లోపలే తేలుతుంది కాబోలు. ఇదంతా చదువుతుంటే ముసలాడికి ఇదేం చదువని మా ఆవిడ వెక్కిరించింది.

2024 ఉగాదినాడు వాడు మళ్ళీ ఫోన్ చేశాడు. చిన్నమ్మ నా దగ్గరే కూర్చుని వేపపువ్వు చెరుగుతోంది. చిన్నాయన 1999లో పోయాడు. రెండో ఆమె 2012లో పోయింది. ఆ మధ్య పదమూడేళ్ళు వాళ్ళిద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకొని బతికారు. ఊళ్ళో వాళ్ళను అక్కచెల్లెళ్ళనే అనుకునేవాళ్ళు. ఆమె పెట్టె తెరిస్తే అడుగున ఆ తువ్వాలు ఉంది, బియ్యం పురుగుపట్టి పొడి అయిపోయాయి. ఇప్పుడు దానితో దేవుడి పటాలు తుడుస్తున్నాం.

"మామా, గుడ్లు పెట్టింది! ఆరు. పెట్టి నాలుగు రోజులైంది" అన్నాడు వాడు.

మొదటి ఏడు ఒక మగదాన్ని చలికాలమంతా దానితో ఉంచి తీస్తూ వచ్చాడట, గుడ్లు లేవు. మరుసటేడు రెండోదాన్ని పెడితే అది దగ్గరికే పోలేదు. ఈసారి రెండోదాన్నీ మూడోదాన్నీ మార్చి మార్చి పెట్టాడు.

"ఇంత తిప్పలెందుకురా? ఆ ఆడదాన్ని అమ్మేసి ఇంకోదాన్ని తెచ్చుకోవాల్సింది" అన్నాను. నిజంగా అన్నాను. ఆ మాట నా నోట ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ తలుచుకుంటాను.

"అదేంటి మామా? అది బాగా తింటోంది, బరువుంది, ఆరోగ్యంగా ఉంది. దాన్నెందుకు మారుస్తాం? ముందు మగదాన్ని మార్చి చూస్తాం. అందరూ చేసేది అదే."

చేటలో వేపపువ్వు చప్పుడు ఆగిపోయింది. చిన్నమ్మ ఫోన్ వైపు మొహం తిప్పి అడిగింది. "ఏమబ్బయ్యా, మొగదాన్ని మారుస్తారా?"

"ఔను చిన్నవ్వా."

"దానికి దోషమనరా?"

"ఎవరికి?"

"ఆడదానికి."

వాడికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. లైను సరిగా లేదనుకొని "ఏంటి చిన్నవ్వా?" అని రెండుసార్లు అడిగాడు. ఆమె ఏమీ లేదులే అని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు తనంతట తనే చెప్పింది. 1974లో మా పెద్దమ్మ ఒకామె రహస్యంగా మద్రాసు తీసుకువెళ్ళి ఒక డాక్టరమ్మకు చూపించింది. ఆమె పరీక్ష చేసి, నీలో ఏ లోపమూ కనిపించడం లేదు, మీ ఆయన్ని పిలుచుకు రా, ఆయనకూ ఒక పరీక్ష చెయ్యాలి అంది. సంతానం లేని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు కూడా ఏదో ఒక లోపం ఉంటుందని ఇప్పుడు అందరికీ తెలిసిన సంగతే. అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలిసిన ఒక్క మనిషి చిన్నమ్మ.

"చిన్నాయనకు చెప్పావా?"

"చెప్పినా. ఆయన గోడవైపు తిరిగి పొణుకున్నాడు. మూడు దినాలు మాట్లాళ్ళేదు. ఇంక నేను ఎత్తలేదు."

"రెండో పెళ్ళప్పుడైనా అవ్వకు చెప్పుండాల్సింది."

"చెప్తే? ఆయనకు తలవంపు. ఈ పిల్లకు కడుపొస్తే ఆ డాక్టరమ్మదే తప్పనుకుందామనుకున్నా. రాలే." కాసేపు ఊరుకొని, "ఆ పిల్లకు మాత్రం చెప్పినా. ఆయన పోయినాక. తువ్వాలు తీసి పారేద్దామా అంటే, ఉండనీలే అక్కా, అదేం చేసింది పాపం, అనింది" అంది.

యాభై ఏళ్ళు ఒకే ఊళ్ళో ఉండి, వారానికి రెండుసార్లు ఆమె చేతి కూడు తిని, ఈ మాట నేను అడగలేదు. గిండీలో పాముల గురించి తెలుసుకొని వచ్చిన రోజు కూడా అవ్వతో వాదించాను గానీ, చిన్నమ్మతో ఒక్కమాట అనలేదు. ఆ తువ్వాలు ఎవరి ఒళ్ళో పెట్టారో నాకు గుర్తు రాలేదు.

మర్నాడు ఆమె నన్ను పిలిచి, గుడ్లు ఎన్నాళ్ళకు పగులుతాయో కనుక్కోమంది. యాభై అయిదు నుంచి అరవై రోజులని వాడు చెప్పాడు. గోడ మీది క్యాలెండర్‌లో లెక్కపెట్టి జూన్ 4 దగ్గర పెన్సిల్‌తో చుక్క పెట్టించుకుంది. ఆ రోజు ఎన్నికల ఓట్ల లెక్కింపు. వీధిలో అందరూ టీవీల ముందు కూర్చుంటే, ఆమె మాత్రం పొద్దుటి నుంచి నా ఫోన్ పక్కన కూర్చుంది. ఆ రోజు రాలేదు. ఎల్లుండి రాత్రి వాడు పిలిచాడు. ఆరింటిలో ఒకటి కుళ్ళిపోయింది. అయిదు పగిలాయి. గుడ్డు చీలికలోంచి తలలు బయటపెట్టి చూస్తున్నాయి.

ఒంటి రంగును బట్టి మూడు పిల్లలు ఒకదానివి, రెండు ఇంకోదానివి అని వాడు ఉత్సాహంగా వివరిస్తున్నాడు. చిన్నమ్మ కొంగుతో ఫోన్ అద్దం తుడిచింది.

"అదంతా ఉండనీ అబ్బయ్యా. తల్లి ఏది? దాన్ని చూపించు."

వాడు ఫోన్ తిప్పాడు. పక్క సొరుగులో అది చుట్టుకొని పడుకొని ఉంది. గుడ్లు పెట్టిన నీరసం తీరి మళ్ళీ తింటోందట. చిన్నమ్మ ఫోన్ దగ్గరికి జరిగి దాన్ని చాలాసేపు చూసింది.